ఏడు కిలోల కోడి, రెండు ఉష్ణోగ్రతలు

నవంబరు నెలలో నాలుగో గురువారం అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ. మనకి సంక్రాంతికి అరిసెలు ఎలాగో వాళ్ళకి ఆ రోజు టర్కీ కోడి అలాగ. ముక్కలు కొట్టకుండా కోడిని కోడిలాగే ఓవెన్‌లో కాల్చి, బల్ల మధ్యలో పెట్టి, అందరూ చుట్టూ కూర్చున్నాక కోసి వడ్డిస్తారు. చూడటానికి మహా వైభోగంగా ఉంటుంది. తినేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. చాలా ఇళ్ళలో పైన బంగారు రంగు, లోపల కొబ్బరి పీచు. గ్రేవీ పోసుకుని మింగాల్సిందే.

ఈ గొడవంతా మన పత్రికలో ఎందుకంటారా? మన సీనియర్లలో ఎంఎస్‌కి వెళ్ళినవాళ్ళు చాలామంది మొదటి ఏడాదే ఈ పరీక్షకి కూర్చుంటారు. ఆ వారాంతం క్యాంపస్ ఖాళీ అయిపోతుంది. నలుగురు రూమ్మేట్లు కలిసి "మనమూ ఒకటి చేద్దాం రా" అనుకుంటారు. ఇరవై మందిని పిలిచేస్తారు. ఏడు కిలోల గడ్డకట్టిన కోడిని కొనుక్కొస్తారు. అంత పెద్ద మాంసాన్ని అప్పటిదాకా ఎవరూ వండి ఉండరు. ముందుగా ఒకసారి చేసి చూసుకునే అవకాశమూ లేదు. పచ్చిగా ఉంటే ఇరవై మందికీ కడుపులు పాడవుతాయి. ఆ భయంతో ఇంకో గంట ఎక్కువ ఉంచితే రంపపు పొట్టు తయారవుతుంది.

అసలు విషయం ఏమిటంటే, టర్కీ ఎండిపోవడానికి చాలాసార్లు వండేవాళ్ళ చేతివాటం కారణం కాదు. అది అచ్చంగా హీట్ ట్రాన్స్‌ఫర్ సమస్య. మెకానికల్, కెమికల్ వాళ్ళు మార్కుల కోసం బట్టీ పట్టే ఆ సబ్జెక్టు నిజంగా పనికొచ్చే చోటు ఇదొకటి. సమస్య ఎక్కడుందో తెలిస్తే జనం కనిపెట్టిన ఉపాయాల్లో ఏది ఎందుకు పనిచేస్తుందో, ఏది ఉత్త హడావుడో మనమే చెప్పేయొచ్చు.

ముందుగా పేరు సంగతి

సాహితీ క్లబ్బు కాబట్టి పేరు గురించి రెండు ముక్కలు. ఈ కోడి సొంతూరు ఉత్తర అమెరికా. మెక్సికో ప్రాంతంలో కొలంబస్ రాకకు ఎన్నో శతాబ్దాల ముందే దీన్ని పెంచేవారు. యూరప్‌కి చేరాక ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టారు. ఇంగ్లిష్‌వాళ్ళు టర్కీ అన్నారు. టర్కీవాళ్ళు మాత్రం దాన్ని "హిందీ" అంటారు, అంటే మనదేశపుదని! ఫ్రెంచివాళ్ళ పేరుకీ మూలం ఇండియానే. పోర్చుగీసువాళ్ళు "పెరు" అన్నారు. ఎవరూ మెక్సికో పేరు ఎత్తలేదు పాపం.

మనదేశానికి ఇది వచ్చిందీ పోర్చుగీసు ఓడల పుణ్యమే. 1612లో గోవా నుంచి తెచ్చిన టర్కీని చూసి జహంగీర్ చక్రవర్తి ముచ్చటపడి, తన ఆస్థాన చిత్రకారుడు మన్సూర్‌తో బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. జహంగీర్ దాని తల రంగులు మారడం గురించి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

ఒకే ఒంట్లో రెండు రకాల మాంసం

ఇప్పుడు సమస్యలోకి వద్దాం. కోడిలో మనకి బాగా తెలిసిన భాగాలు రెండు. లెగ్ పీస్, బ్రెస్ట్ పీస్. హాస్టల్ మెస్సులో లెగ్ పీస్ కోసం ఎందుకు గొడవలవుతాయో, బ్రెస్ట్ పీస్ ఎందుకు మిగిలిపోతుందో ఎప్పుడైనా ఆలోచించారా?

టర్కీ రోజంతా నడుస్తుంది. కాళ్ళ కండరాలు గంటల తరబడి పనిచేయాలి, వాటికి ఆక్సిజన్ కావాలి. దాన్ని నిలవ ఉంచే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ వల్ల ఆ మాంసం ముదురు రంగులో ఉంటుంది. కండరాలని గట్టిగా పట్టి ఉంచే కొల్లాజెన్ కూడా అక్కడ ఎక్కువ. రొమ్ము కండరాలు రెక్కలు కొట్టడానికి. ఫారంలో పెరిగే టర్కీకి ఎగిరే పనే ఉండదు. అందుకే అక్కడి మాంసం తెల్లగా, కొవ్వూ కొల్లాజెనూ తక్కువగా ఉంటుంది. పైగా ఎక్కువ మాంసం కోసం జనం ఆ రొమ్మునే తరతరాలుగా పెంచుకుంటూ పోయారు.

పచ్చి మాంసంలో దాదాపు నాలుగింట మూడొంతులు నీళ్ళే. ఆ నీళ్ళని పట్టుకుని ఉండేది ప్రొటీన్ల వల. వేడి తగిలితే ఆ వల ముడుచుకుంటుంది. 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర మయోసిన్ అనే ప్రొటీన్ గట్టిపడటం మొదలవుతుంది. పచ్చిదనం పోయి మాంసం తినేలా అయ్యేది ఇక్కడే. 60 దాటాక కండరాల చుట్టూ ఉన్న పొరలు కుంచించుకుపోతూ రసాన్ని బయటికి తోస్తాయి. 66 నుంచి 73 మధ్య ఆక్టిన్ అనే ఇంకో ప్రొటీన్ కూడా బిగుసుకుంటుంది. ఇక అక్కడి నుంచి తడిగుడ్డని మెలితిప్పి పిండినట్టే.

అంటే రొమ్ము మాంసం 65 నుంచి 70 డిగ్రీల మధ్య దిగిపోతే హాయి. కాళ్ళ సంగతి దానికి పూర్తిగా వ్యతిరేకం. కొల్లాజెన్ కరిగి జెలటిన్‌గా మారాలంటే 70 దాటాలి. 80 దాకా వెళ్తే ఇంకా మెత్తన. 65 దగ్గర ఆపేస్తే లెగ్ పీస్ రబ్బరులా సాగుతుంది.

చూశారా, ఒకే కోడి, ఒకే ఓవెన్, కావలసినవి మాత్రం రెండు ఉష్ణోగ్రతలు. పైగా కోడిని వెల్లకిలా పడుకోబెడతాం కాబట్టి చల్లగా ఉండాల్సిన రొమ్ము పైకి ఉండి వేడంతా తీసుకుంటుంది, బాగా ఉడకాల్సిన తొడలు కింద పళ్ళెంలో నీడన దాక్కుంటాయి. కావాలని చేసినా ఇంతకంటే తలకిందులుగా అమర్చలేం.

భౌతిక శాస్త్రవేత్త కట్టిన లెక్క

రెండో చిక్కు పరిమాణం. లోపలికి వేడి పాకడానికి పట్టే సమయం మందంతో కాదు, మందం వర్గంతో పెరుగుతుంది. మందం రెండింతలైతే సమయం నాలుగింతలు. ఇది ఫోరియర్ సమీకరణం చెప్పే మాట.

స్టాన్‌ఫర్డ్ లీనియర్ యాక్సిలరేటర్ సెంటర్ మొదటి డైరెక్టర్, భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పనోఫ్‌స్కీకి వంట పుస్తకాల్లో ఉండే "పౌనుకి ఇన్ని నిమిషాలు" అనే సూత్రం నచ్చలేదు. బరువు పెరిగితే మందం ఘనమూలం చొప్పునే పెరుగుతుంది కదా, సమయం దాని వర్గం చొప్పున పెరగాలి. అందుకని ఆయన వేరే సూత్రం కట్టాడు. కోడి బరువు పౌన్లలో తీసుకోండి. దానికి ఘనమూలం కట్టి, వచ్చినదాన్ని వర్గం చేసి, 1.5తో భాగించండి. అన్ని గంటలు 325 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో ఉంచాలి. ఇది లోపల స్టఫింగ్ కూరిన కోడికి.

సరి చూద్దాం. 8 పౌన్ల కోడి: ఘనమూలం 2, వర్గం 4, 1.5తో భాగిస్తే రెండు గంటల నలభై నిమిషాలు. అంటే పౌనుకి 20 నిమిషాలు. ఇప్పుడు 27 పౌన్ల కోడి: ఘనమూలం 3, వర్గం 9, భాగిస్తే ఆరు గంటలు. మొదటి లెక్కనే పట్టుకుని పౌనుకి 20 నిమిషాల చొప్పున వండితే తొమ్మిది గంటలవుతుంది. మూడు గంటలు అదనం! "చిన్న కోడి బాగానే వచ్చింది, పెద్దదే ఎండిపోయింది" అని జనం ఎందుకంటారో ఇప్పుడు అర్థమైంది కదా.

ఇందులోంచే మొదటి ఉపాయం పుడుతుంది, దీనికి పైసా ఖర్చు లేదు. ఇరవై మంది వస్తున్నారని 20 పౌన్ల కోడిని కొనకండి. 10 పౌన్లవి రెండు కొనండి. పనోఫ్‌స్కీ లెక్కలో 20 పౌన్లదానికి దాదాపు ఐదు గంటలు, 10 పౌన్లదానికి మూడు. రెండూ ఒకే ఓవెన్‌లో చుట్టూ గాలి ఆడేలా పడితే మూడు గంటల చిల్లరలో పని అయిపోతుంది. తినేవాళ్ళకి నాలుగు కాళ్ళు కూడా!

భయానికీ రుచికీ మధ్య

అమెరికా వ్యవసాయ శాఖ కోడి మాంసం దేనికైనా 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్ చెబుతుంది. ఆ వేడికి సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా దాదాపు క్షణాల్లో చస్తుంది. ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు కాబట్టి ఇళ్ళకి అదే సలహా.

నిజానికి బ్యాక్టీరియాని చంపేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, ఎంతసేపు అన్నది కూడా. పాల సంగతి మనకి తెలిసిందే. 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచినా, 72 దగ్గర 15 సెకన్లు ఉంచినా పాశ్చరైజేషనే. మాంసానికీ అదే న్యాయం. 150 ఫారన్‌హీట్ అంటే సుమారు 65 సెల్సియస్ దగ్గర మాంసం మధ్యభాగం నాలుగైదు నిమిషాలు నిలిస్తే 165 చేసే పనే అది కూడా చేస్తుంది. మాంసం పరిశ్రమకి ఆ శాఖే ఇచ్చే పట్టికల్లో ఈ లెక్కలుంటాయి.

ఇంకో సంగతి. ఓవెన్‌లోంచి తీశాక కూడా బయటి పొరల వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. పెద్ద కోడిలో ఆ మధ్యభాగం ఐదు నుంచి పది డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పైకెక్కుతుంది. అందుకని రొమ్ములో 157, 158 దగ్గర తీసేసి, థర్మామీటరు అలాగే ఉంచి, 165 చూపించాక కోయడం మంచి పద్ధతి. అంత ఎక్కకపోతే మళ్ళీ కాసేపు లోపల పెట్టొచ్చు. పెద్దవాళ్ళు, పసిపిల్లలు, గర్భిణులు తినేవాళ్ళలో ఉంటే 165 చూడనిదే వడ్డించొద్దు.

ఇదంతా చెప్పేది ఒక్క పరికరం కోసం: మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటరు. గుచ్చితే కారే రసం తెల్లగా ఉందా, ఎముక దగ్గర ఎర్రగా ఉందా అని చూడటం నమ్మదగ్గ పరీక్ష కాదు. పూర్తిగా ఉడికిన టర్కీలో కూడా ఎముక దగ్గర గులాబీ రంగు ఉండొచ్చు. కొన్ని కోళ్ళకి కంపెనీవాళ్ళే గుచ్చి ఇచ్చే ప్లాస్టిక్ పుల్ల ఒకే చోట, ఒకే లోతులో కొలుస్తుంది. అది పైకి లేచేదాకా కూర్చుంటే రొమ్ము సంగతి అయిపోయినట్టే. థర్మామీటరు మొనని రొమ్ములో బాగా మందంగా ఉన్న చోట, ఎముకకి తగలకుండా గుచ్చాలి. తర్వాత తొడ లోపలి వైపు ఇంకోసారి.

ఉపాయం ఒకటి: ఉప్పు

నీళ్ళు పోకుండా చూసే ఉపాయాల్లో రాజు ఉప్పే. ఉప్పు ప్రొటీన్ పోగుల మధ్య దూరి వాటిని వదులు చేస్తుంది. మయోసిన్ కొంత కరుగుతుంది. అలా వదులైన వల వేడికి అంత బిగుతుగా ముడుచుకోదు కాబట్టి పిండుకుపోయే రసం తగ్గుతుంది.

దీనికి రెండు దారులు. మొదటిది ఉప్పునీళ్ళలో ముంచడం. లీటరుకి 50, 60 గ్రాముల ఉప్పు కలిపి, కోడి మొత్తం మునిగేలా పోసి, 12 నుంచి 18 గంటలు ఫ్రిజ్‌లో ఉంచుతారు. పనిచేస్తుంది కానీ మాంసం పట్టుకునే అదనపు నీళ్ళు ఉత్త నీళ్ళే కదా, రుచి కాస్త పలచబడుతుంది. అయినా నలుగురు పంచుకునే ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాలు, పచ్చళ్ళు, మొన్నటి పప్పు పోగా బకెట్‌కి చోటెక్కడ?

రెండోది పొడి ఉప్పు పట్టించడం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని జూనీ కెఫే వంటగత్తె జూడీ రాజర్స్ కోళ్ళకి ముందే ఉప్పు రాసి ఉంచే పద్ధతికి పేరు తెచ్చింది. తర్వాత అమెరికా జనం దాన్ని టర్కీకి వాడారు. కిలోకి ఒక టీస్పూను, అంటే దాదాపు ఆరు గ్రాముల మామూలు ఉప్పు తీసుకుని ఒళ్ళంతా, వీలైతే చర్మం కింద కూడా రాసి, ఫ్రిజ్‌లో ఒకటి నుంచి మూడు రోజులు ఉంచాలి. మొదట ఉప్పు నీళ్ళని బయటికి లాగుతుంది. మాగాయకి ఉప్పు కలిపిన మామిడి ముక్కల్లోంచి ఊట ఊరినట్టే. ఆ ఊటలో ఉప్పు కరుగుతుంది. తర్వాత మెల్లగా ఆ ఊటంతా మళ్ళీ మాంసంలోకే ఇంకుతుంది. బయటి నీళ్ళు ఒక్క చుక్క కలపలేదు కాబట్టి రుచి పలచబడదు. చివరి రోజు మూత పెట్టకుండా ఉంచితే చర్మం ఆరి, కాల్చినప్పుడు అప్పడంలా కరకరలాడుతుంది.

ఒక్క జాగ్రత్త. దుకాణంలో దొరికే చాలా గడ్డకట్టిన టర్కీలకి కంపెనీవాళ్ళే ఉప్పుద్రావణం ఎక్కించి ఉంచుతారు. లేబుల్ మీద సన్నక్షరాల్లో రాసి ఉంటుంది. కోషర్ అని రాసినవాటికీ ముందే ఉప్పు పట్టించి ఉంటుంది. అలాంటివాటికి మళ్ళీ ఉప్పు వేస్తే అది టర్కీ కాదు, ఉప్పుచేప.

మజ్జిగలో ఉప్పు కలిపి నానబెట్టడం ఇంకో దారి. కాలిఫోర్నియా రచయిత్రి సమీన్ నోస్రత్ పద్ధతి ఇది. మజ్జిగలోని ఆమ్లం కూడా ప్రొటీన్లని కాస్త సడలిస్తుంది, అందులోని చక్కెర వల్ల రంగు బాగా వస్తుంది. తందూరీకి పెరుగు పట్టించే మనకి ఇందులో కొత్తేమీ లేదు.

ఉపాయం రెండు: ఆకారం మార్చడం

వేడి లెక్క మందం మీద ఆధారపడితే మందాన్నే తగ్గించేస్తే? వంటింటి కత్తెరతో వెన్నెముకకి రెండు వైపులా కత్తిరించి తీసేస్తారు. కోడిని వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు చేతులూ వేసి గట్టిగా నొక్కితే టక్‌మని చప్పుడొచ్చి, తెరిచిన పుస్తకంలా పరుచుకుంటుంది. దీన్ని స్పాచ్‌కాక్ అంటారు.

ఇప్పుడు చూడండి. వేడి అన్ని వైపుల నుంచీ తగులుతుంది. కాళ్ళు అంచుల్లోకి వచ్చి ఎక్కువ వేడి తీసుకుంటాయి, మందమైన రొమ్ము మధ్యలో ఉండి నెమ్మదిగా ఉడుకుతుంది. తలకిందులుగా ఉన్న అమరిక సరైపోయింది. 450 ఫారన్‌హీట్ ఓవెన్‌లో ఆరు కిలోల కోడి గంటన్నరలోపే అవుతుంది. వంట శాస్త్రం రాసే కెంజీ లోపెజ్ ఆల్ట్ ఏళ్ళుగా ఈ పద్ధతినే గట్టిగా సమర్థిస్తూ వస్తున్నాడు. తీసేసిన వెన్నెముకని నీళ్ళలో మరిగిస్తే గ్రేవీకి మంచి రసం.

ఇంకో అడుగు ముందుకేస్తే, కాళ్ళూ రొమ్మూ విడదీసి వేరువేరుగా వండేయడమే. జూలియా చైల్డ్ లాంటి పెద్ద వంటగత్తె కూడా టర్కీని విడదీసి వండమని నేర్పింది. కాళ్ళని ఉల్లిపాయలు, కాస్త రసం పోసి మూతపెట్టి ఇగురులా మగ్గనిస్తారు, రొమ్ముని విడిగా కాలుస్తారు. దేనికి కావలసిన ఉష్ణోగ్రత దానికి. రెండు ఉష్ణోగ్రతల సమస్యకి ఇంతకంటే సూటి పరిష్కారం లేదు.

మరి అందరూ ఇలాగే చేయొచ్చు కదా? అడ్డం వచ్చేది ఒక బొమ్మ. 1943లో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో నార్మన్ రాక్‌వెల్ వేసిన చిత్రం ఒకటి అచ్చయింది. తెల్లటి బల్ల, చుట్టూ కుటుంబం, నాయనమ్మ చేతుల్లో పళ్ళెం, అందులో నిండైన టర్కీ. అప్పటి నుంచీ పండగంటే అమెరికావాళ్ళ కళ్ళ ముందు మెదిలేది ఆ బొమ్మే. పరిచిన కోడి, ముక్కలైన కోడి దానికి సరిపోవు. అంటే కోడి ఎండిపోవడంలో సగం నేరం ఫిజిక్స్‌ది, మిగతా సగం ఆ ఫొటోది.

ఉపాయం మూడు: నిండు కోడే కావాలంటే

బల్ల మీద నిండుగా కనబడాల్సిందే అనేవాళ్ళకి కూడా దారులున్నాయి. ఆహార శాస్త్రం రాసే హెరాల్డ్ మెగీ చెప్పిన చిట్కా అందరికన్నా తెలివైనది. కాల్చే ముందు కోడిని కాసేపు బయట పెట్టి, రొమ్ము మీద మాత్రం ఐస్ ప్యాకులు ఉంచాలి. కాళ్ళు గది వేడికి వస్తుంటాయి, రొమ్ము చల్లగానే ఉంటుంది. ఓవెన్‌లోకి వెళ్ళేసరికి రొమ్ము కొన్ని డిగ్రీలు వెనకబడి ఉంటుంది కాబట్టి చివరికి రెండూ వాటివాటి గమ్యానికి ఒకేసారి చేరతాయి. పరుగు పందెంలో వేగంగా పరుగెత్తేవాణ్ణి నాలుగడుగులు వెనక నిలబెట్టినట్టు.

మొదటి గంట కోడిని బోర్లా పెట్టి, తర్వాత తిప్పడం ఇంకోటి. రొమ్ము కింద నీడలో ఉంటుంది, తొడలు పైకొస్తాయి. ఏడు కిలోల వేడి కోడిని తిప్పేటప్పుడు చేతులు జాగ్రత్త. అది కష్టమనుకుంటే రొమ్ముకి అల్యూమినియం ఫాయిల్‌తో గొడుగు పట్టండి.

నాలుగోది ఆవిరి. 200 డిగ్రీల ఓవెన్ గాలిలో చేయి ఒక్క క్షణం పెట్టి తీయగలం. 100 డిగ్రీల ఇడ్లీ కుక్కర్ ఆవిరి తగిలితే బొబ్బలే. ఆవిరి నీరుగా మారేటప్పుడు గుప్తోష్ణాన్నంతా వదులుతుంది, అందుకే వేడిని అంత జోరుగా అందిస్తుంది. ఫ్రెంచి వంటగాడు జాక్ పెపాన్ టర్కీని ముందు ఆవిరి మీద ఉడికించి, తర్వాత ఓవెన్‌లో రంగు తెప్పిస్తాడు. ఓవెన్ బ్యాగులో పెట్టి కాల్చడం దీని బంధువే. చర్మం మెత్తబడుతుంది కాబట్టి చివర్లో బ్యాగు చింపి రంగు రానివ్వాలి.

నూనెలో మునక

లూసియానా వాళ్ళది మరీ ధైర్యం. నిండు టర్కీని 350 ఫారన్‌హీట్ వేరుశనగ నూనెలో దింపి వేయించేస్తారు. గాలి కన్నా నూనె వేడిని చాలా వేగంగా అందిస్తుంది. పౌనుకి మూడు నాలుగు నిమిషాలే, 12 పౌన్ల కోడి ముప్పావుగంటలో సిద్ధం. చర్మం కరకర, లోపల రసం.

కానీ ఇది ఏటా ఇళ్ళు తగలబెట్టే వంట కూడా. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. తడి ఆరని మిరపకాయ బజ్జీ నూనెలో పడితేనే చిటపటలాడుతుంది కదా, లోపల మంచుగడ్డ ఉన్న ఏడు కిలోల కోడి పడితే నూనె పొంగి మంట మీద పడుతుంది. అమెరికా అగ్నిమాపక శాఖలు ఏటా పండగ ముందు కావాలని ఇలా చేసి వీడియోలు చూపిస్తాయి. చేయాలనుకుంటే ఆరుబయట, గోడలకి దూరంగా చేయాలి. కోడి పూర్తిగా కరిగి, లోపలా బయటా తుడిచి ఉండాలి. ఎంత నూనె పోయాలో ముందే ఆర్కిమెడిస్‌ని అడగాలి: ఖాళీ గిన్నెలో కోడిని పెట్టి మునిగేదాకా నీళ్ళు పోసి, కోడిని తీసి, నీళ్ళు ఎక్కడ నిలిచాయో గుర్తు పెట్టుకుని, గిన్నెని బాగా ఆరబెట్టాలి. కోడిని దించేటప్పుడు మంట ఆపేయాలి. అపార్ట్‌మెంటు బాల్కనీలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మనవాళ్ళ దారి

తెలుగు రాష్ట్రాల్లోనూ టర్కీలు పెంచే ఫారాలున్నాయి. ఇక్కడ కొన్నవాళ్ళు నిండుగా కాల్చరు, ముక్కలు కొట్టించి కూర వండుతారు. పది సెంటీమీటర్ల మందం మూడు సెంటీమీటర్లయితే వేడి పాకే సమయం పదకొండో వంతుకి పడిపోతుంది. ఇక లెగ్ పీసులు పులుసులో ఎంతసేపు ఉడికితే అంత మెత్తన. పనోఫ్‌స్కీ పేరు వినకుండానే మన వంటిళ్ళు ఈ సమస్యని దాటేశాయి.

అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో రెండు దారులూ కలుస్తాయి. ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, పెరుగు కలిపి చర్మం కిందికంటా పట్టించి, రాత్రంతా ఉంచి, తందూరీ రంగులో కాలుస్తారు. ఇందులో ఒక కిటుకుంది. మసాలా ఎంత నానబెట్టినా లోపలికి కొన్ని మిల్లీమీటర్లే వెళ్తుంది, లోతుగా వెళ్ళేది ఉప్పొక్కటే. కాబట్టి ఉప్పుని ఒకరోజు ముందు, మసాలాని తర్వాత పట్టించండి. పెరుగు త్వరగా మాడుతుంది కనుక ఓవెన్ మరీ మండించకండి.

హడావుడి ఉపాయాలు

అరగంటకోసారి ఓవెన్ తెరిచి పైన వెన్న పోయడం: చర్మానికి రంగు వస్తుంది గానీ రసం లోపలికి దిగదు. తెరిచినప్పుడల్లా ఓవెన్ చల్లబడి సమయం పెరుగుతుంది.

కడుపులో స్టఫింగ్ కూరడం: మధ్యలో ఉన్న ఆ ముద్ద కూడా 165కి చేరాలి. అది చేరేలోపు రొమ్ము ఎండిపోతుంది. విడిగా పళ్ళెంలో వండుకోండి.

కోడిని కుళాయి కింద కడగడం: బ్యాక్టీరియా పోదు, సింకంతా చిందుతుంది. కాగితంతో తుడిస్తే చాలు.

దించగానే కోయడం: వేడి మీద కోస్తే రసం పళ్ళెంలోకి కారిపోతుంది. అరగంట ఆగండి. ఆలోగా గ్రేవీ కాచుకోవచ్చు.

వారం ముందు నుంచీ

చివరిగా, ఏడు కిలోల కోడికి పని పట్టిక. శనివారం రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో లోతు పళ్ళెంలో పెట్టండి. నాలుగైదు పౌన్లు కరగడానికి ఒక రోజు చొప్పున మూడు నాలుగు రోజులు పడుతుంది. మర్చిపోతే చన్నీళ్ళే గతి: పౌనుకి అరగంట చొప్పున ఏడున్నర గంటలు, అరగంటకోసారి నీళ్ళు మారుస్తూ. గట్టు మీద రాత్రంతా వదిలేయడం మాత్రం వద్దు. లోపల మంచుగడ్డ ఉండగానే బయటి మాంసం బ్యాక్టీరియాకి అనువైన వేడికి వచ్చేస్తుంది. మంగళవారం రాత్రి లేబుల్ చదివి ఉప్పు పట్టించండి. బుధవారం మూత లేకుండా ఫ్రిజ్‌లో ఆరనివ్వండి. గురువారం పొద్దున వెన్నెముక తీసి పరిచేయండి, థర్మామీటరు గుచ్చండి. అతిథులు రావడానికి రెండున్నర గంటల ముందు ఓవెన్‌లోకి.

తోచకపోతే ఫోన్ చేసి అడిగేందుకు కూడా ఏర్పాటుంది. బటర్‌బాల్ కంపెనీ 1981 నుంచి ఈ పండగ రోజుల్లో టర్కీ సందేహాలకి ఫోన్ లైను నడుపుతోంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళే ఏటా ఫోన్లు చేస్తారు, మనం మొహమాటపడక్కర్లేదు.

తిన్నాక మిగిలినదాన్ని రెండు గంటలలోపు ఎముకల నుంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు ఆ ఎముకలతో మిరియాల చారు కాచుకుంటే, పండగ పనితో అలిసిన నలుగురు రూమ్మేట్లకీ అంతకన్నా మంచి భోజనం ఉండదు.